ఇన్, ఆన్, ఎట్ మొదలు హిమ్, హర్, ఇట్ దాకా: తెలుగు వాక్యం నుంచి ఇంగ్లీషు వాక్యానికి దారి

విజయవాడలో మీ ఆఫీసుకు పార్సెల్ తెస్తున్న కుర్రాడికి తెలుగు రాదనుకోండి. ఫోనులో దారి చెప్పాలి. ‘బెంజి సర్కిల్ దగ్గర ఉన్న బ్యాంకు పక్క సందులో మా ఆఫీసు’ అని తెలుగులో ఒక్క ఊపిరిలో అనేస్తాం. ఇంగ్లీషుకు వచ్చేసరికి చాలామంది ‘బెంజ్ సర్కిల్ నియర్...’ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. దగ్గర అంటే నియర్ అని తెలుసు, పక్కన అంటే నెక్స్ట్ టు అని తెలుసు, సందును లేన్ అంటారనీ తెలుసు. తెలిసిన మాటలన్నీ నోటి దాకా వచ్చి, వరస కుదరక వెనక్కి పోతాయి.

ఆ వరస కుదుర్చుకోవడం ఎలాగో ఇక్కడ మెట్టు మెట్టుగా చూద్దాం. ‘లో అంటే ఇన్, మీద అంటే ఆన్, కు అంటే టు’ అనే పట్టిక మీ దగ్గర ఉంటే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. మనవాళ్ళ ఇంగ్లీషు తప్పుల్లో చాలా వాటికి పుట్టిల్లు ఆ పట్టికే.

మొదటి మెట్టు: వాక్యాన్ని తోక నుంచి పట్టుకోండి

‘డు, ము, వు, లు ప్రథమా విభక్తి’ అని బడిలో రాగం తీసినవాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. మన విభక్తులు పేరు వెనక వస్తాయి: గుంటూరుకు, బల్ల మీద, అమ్మతో. ఇంగ్లీషులో అదే పని చేసే మాట పేరుకు ముందు నిలబడుతుంది: టు గుంటూర్, ఆన్ ద టేబుల్, విత్ మదర్. ముందు నిలబడుతుంది కాబట్టే దానికి ప్రిపోజిషన్ అని పేరు. అది, దాని వెంట వచ్చే నామమో సర్వనామమో కలిస్తే ప్రిపోజిషనల్ ఫ్రేజ్.

ఇంతవరకు ఏ పుస్తకమైనా చెబుతుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఒక్కో ముక్క లోపలి వరసతో పాటు ముక్కల మధ్య వరస కూడా తిరగబడుతుంది. పార్సెల్ వాక్యాన్ని విడగొట్టి చూడండి: బెంజి సర్కిల్ దగ్గర, బ్యాంకు పక్క, సందులో, మా ఆఫీసు. ఇప్పుడు చివరి ముక్క నుంచి వెనక్కి నడవండి. అవర్ ఆఫీస్ ఈజ్, ఇన్ ద లేన్, నెక్స్ట్ టు ద బ్యాంక్, నియర్ బెంజ్ సర్కిల్. అంతే, వాక్యం తయారైంది: ‘అవర్ ఆఫీస్ ఈజ్ ఇన్ ద లేన్ నెక్స్ట్ టు ద బ్యాంక్ నియర్ బెంజ్ సర్కిల్.’ మనం పెద్ద గుర్తు చెప్పి చిన్నదానికి దిగుతాం. ఇంగ్లీషు చిన్నదానితో మొదలై పెద్దదానికి ఎక్కుతుంది. కవరు మీద చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబరుతో మొదలుపెట్టి జిల్లాతో ముగిస్తాం కదా, ఆ వరసే ఇది.

ఈ మెట్టు మీదే ఇంకో లాభం ఉంది. ‘బల్ల మీద ఉన్న పుస్తకం’ అనడానికి మనకు ‘ఉన్న’ కావాలి. ‘నీలం చొక్కా వేసుకున్న అబ్బాయి’కి ‘వేసుకున్న’ కావాలి. ‘కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ’కు ‘పెట్టుకున్న’ కావాలి. ఇంగ్లీషులో ఈ క్రియలన్నిటి బరువూ చిన్న ప్రిపోజిషనే మోస్తుంది: ద బుక్ ఆన్ ద టేబుల్, ద బోయ్ ఇన్ ద బ్లూ షర్ట్, ద ఉమన్ విత్ గ్లాసెస్. ‘హూ ఈజ్ వేరింగ్’ అంటూ వాక్యాన్ని సాగదీయడం తప్పేమీ కాదు. రోజువారీ మాటల్లో మాత్రం పొట్టిదే చెవికి ఇంపుగా ఉంటుంది.

రెండో మెట్టు: ‘లో’ను మూడుగా విడదీయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇదే. తెలుగులో ‘లో’ ఒక్కటే ఊరంతా తిరుగుతుంది. ఇంగ్లీషు మాత్రం ఒక ప్రశ్న వేస్తుంది: నువ్వు చెబుతున్న చోటును ఎలా చూస్తున్నావు? నాలుగు వైపులా హద్దులున్న చోటుగా చూస్తే ఇన్. ఒక తలంగానో గీతగానో చూస్తే ఆన్. మ్యాపులో ఒక చుక్కగా చూస్తే ఎట్.

1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీని తీసుకోండి. దాని మీద నడుస్తుంటే మీరు ఆన్ ద బ్యారేజ్. ‘ఎక్కడ కలుద్దాం’ అని స్నేహితుడు అడిగితే ఎట్ ద బ్యారేజ్, ఎందుకంటే అప్పుడు అది కలుసుకునే ఒక గుర్తు మాత్రమే. కింద ఈదుతున్న చేపలు ఇన్ ద రివర్. బ్యారేజీ నదిని దాటుతుంది కాబట్టి అది ఎక్రాస్ ద రివర్. విజయవాడ ఊరు నది ఒడ్డున ఉంది కాబట్టి ‘విజయవాడ ఈజ్ ఆన్ ద కృష్ణా’ అంటారు. ఊరు నీళ్ళ మీద తేలుతోందని ఎవరూ అనుకోరు. నదిని అక్కడ గీతగా చూస్తున్నారు, ఊరు ఆ గీతను ఆనుకుని ఉంది.

విజయవాడ రైల్వే స్టేషనులో నిలబడి కూడా ఇది తేల్చుకోవచ్చు. చెన్నై వెళ్ళే పినాకిని ఎక్స్‌ప్రెస్ కోసం వచ్చారు. ఇంటి నుంచి ఫోను వస్తే ‘ఐ యామ్ ఎట్ ద స్టేషన్’. స్టేషనుకే వచ్చి మిమ్మల్ని వెతుకుతున్న స్నేహితుడు అడిగితే ‘ఐ యామ్ ఆన్ ప్లాట్‌ఫామ్ సిక్స్’. ఎండ తట్టుకోలేక లోపల కూర్చుంటే ‘ఐ యామ్ ఇన్ ద వెయిటింగ్ హాల్’. బండి ఎక్కాక ‘ఐ యామ్ ఆన్ ద ట్రైన్’. తెలుగులో స్టేషనులో, ప్లాట్‌ఫామ్ మీద, వెయిటింగ్ హాలులో, రైల్లో అంటాం. నాలుగింటిలో మూడు ‘లో’లే.

రైలుకు ఆన్ ఎందుకని అడగవచ్చు. లోపల నిలబడి నడవగలిగే బండ్లకు ఆన్: బస్సు, రైలు, విమానం, పెద్ద లాంచీ. వంగి, దూరి, కూర్చోవలసిన వాటికి ఇన్: కారు, ఆటో, భవానీ ద్వీపానికి తీసుకెళ్ళే చిన్న పడవ. ఎక్కడం, దిగడం కూడా దీన్నే అనుసరిస్తాయి. బస్సు అయితే గెట్ ఆన్, గెట్ ఆఫ్. ఆటో అయితే గెట్ ఇన్, గెట్ అవుట్ అవ్. మోటారు సైకిలు మీద కూర్చుంటాం కాబట్టి అది ఆన్, ఇందులో ఇబ్బంది లేదు. ఏ వాహనంలో వచ్చారన్నది మాత్రమే చెప్పాలంటే బై బస్, బై ట్రైన్, బై ఆటో. అప్పుడు మధ్యలో ద రాదు.

పైన ‘గెట్ అవుట్ అవ్’లో అవ్ అని రాసినదాన్ని గమనించే ఉంటారు. ‘యొక్క’ అర్థంలో వాడే ఆ చిన్న మాట చివర వ్ అని పలుకుతుంది. దిగడానికి, దీపం ఆర్పడానికి వాడేది ఆఫ్. మనవాళ్ళు రెండింటినీ ఒకేలా పలికి వినేవాళ్ళను తికమక పెడతారు.

మిగిలిన ‘లో’లను గబగబా చూసేద్దాం. ఫోనులో, టీవీలో, వాట్సాప్‌లో: ఆన్. పేపర్లో, ఫొటోలో, అద్దంలో: ఇన్. ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల దుకాణాలు: ఆన్ ఏలూరు రోడ్. మూడో అంతస్తులో: ఆన్ ద థర్డ్ ఫ్లోర్. బ్రాడీపేటలో, అరండల్‌పేటలో: పేటలకు హద్దులుంటాయి కాబట్టి ఇన్. పెళ్ళిలో, మీటింగులో: ఎట్ ద వెడ్డింగ్, ఇన్ ఎ మీటింగ్ రెండూ వినబడతాయి, వీటికి సూత్రం వెతకడం కంటే చెవిని నమ్ముకోవడం మేలు.

మూడో మెట్టు: ‘కు’ కనబడగానే టు అనకండి

కదలిక ఉంటే, ఇచ్చిపుచ్చుకోవడం ఉంటే టు సరిపోతుంది. గుంటూరుకు వెళ్తున్నాను: ఐ యామ్ గోయింగ్ టు గుంటూర్. అయితే ఇంటికి అనడానికి గోయింగ్ హోమ్ చాలు. ఇక్కడికి, అక్కడికి, ఎక్కడికి అనేవాటికి కూడా టు అక్కర్లేదు: కమ్ హియర్, గో దేర్, వేర్ ఆర్ యు గోయింగ్. ‘కమ్ టు హియర్’ అనేది అచ్చంగా మన ‘ఇక్కడికి’ పెట్టిన చిచ్చు.

గుంటూరు మిర్చి యార్డులో ‘బస్తా ఎంతకు ఇచ్చావు’ అన్నప్పటి ‘కు’ ధర చెబుతుంది. ధరకు ఫర్ వాడండి: ఐ సోల్డ్ ఇట్ ఫర్... అని ఆ మొత్తం చెప్పండి. జ్వరానికి మందు కూడా మెడిసిన్ ఫర్ ఫీవర్. ఐదింటికి మాత్రం ఎట్ ఫైవ్.

అన్నిటిలోకీ మొండి ‘కు’ ఏదంటే ‘నాకు’. నాకు జ్వరం, నాకు ఆకలి, నాకు తెలుసు, నాకు అర్థం కాలేదు, నాకు ఇద్దరు పిల్లలు, నాకు గోంగూర ఇష్టం. వీటిలో ఏ ఒక్కదానిలోనూ టు మి లేదు. ఐ హ్యావ్ ఎ ఫీవర్, ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్, ఐ హ్యావ్ టూ చిల్డ్రన్, ఐ లైక్ గోంగూర. ఒళ్ళు, మనసు, కలిగి ఉండటం, ఈ మూడింటికి సంబంధించిన ‘నాకు’ ఇంగ్లీషులో కర్త అయి ఐగా మారిపోతుంది. ‘నాకు ఇచ్చాడు’ అన్నప్పుడే మి వస్తుంది: హి గేవ్ ఇట్ టు మి.

‘మీద’కూ ఇలాంటి గొడవే ఉంది. నా మీద కోపం అంటే యాంగ్రీ విత్ మి, ఆన్ మి అనకూడదు. నీ మీద నమ్మకం: ఫెయిత్ ఇన్ యు. నీళ్ళంటే భయం: అఫ్రెయిడ్ అవ్ వాటర్. కోపం, భయం, ప్రేమ, నమ్మకం లాంటి మాటలు నేర్చుకునేటప్పుడు వాటి వెంట వచ్చే ప్రిపోజిషనును కూడా అతికించే నేర్చుకోండి.

నాలుగో మెట్టు: కాలం

గడియారానికి ఎట్, రోజుకు ఆన్, అంతకంటే పెద్దదానికి ఇన్. ఎట్ సిక్స్, ఆన్ మండే, ఇన్ జూన్, ఇన్ 2014. ఉదయం, సాయంత్రం ఇన్ ద మార్నింగ్, ఇన్ ద ఈవినింగ్. రాత్రికి మాత్రం ఎట్ నైట్. సోమవారం ఉదయం అంటే రోజుదే పైచేయి, ఆన్ మండే మార్నింగ్. నెక్స్ట్, లాస్ట్, దిస్, ఎవ్రీ అనే నాలుగు ముందు ఉంటే ఏదీ అక్కర్లేదు: నెక్స్ట్ సండే.

ఇక్కడ తెలుగు మనకు గొప్ప సాయం చేస్తుంది, ఎందుకో దాన్ని ఎవరూ వాడుకోరు. బై, అంటిల్ మధ్య తేడా తెలియక తలపట్టుకునేవాళ్ళు ‘కల్లా’, ‘వరకు’ మధ్య ఎప్పుడూ పొరబడరు. ఐదింటికల్లా వస్తాను: బై ఫైవ్. ఐదింటి వరకు ఉంటాను: అంటిల్ ఫైవ్. కల్లా అనిపిస్తే బై పెట్టండి, వరకు అనిపిస్తే అంటిల్ పెట్టండి. ఒక్క జాగ్రత్త: ‘మంగళగిరి వరకు వస్తాను’ అన్నది కాలం గురించి కాదు, అక్కడ యాజ్ ఫార్ యాజ్ మంగళగిరి అనాలి. ‘గంటలో వస్తాను’కు ఇన్ యాన్ అవర్, ‘గంటలోపు’కు వితిన్ యాన్ అవర్.

‘నుంచి’ దగ్గర అంత అదృష్టం లేదు. ‘పదేళ్ళ నుంచి గుంటూరులో ఉంటున్నాం’, ‘2015 నుంచి గుంటూరులో ఉంటున్నాం’, రెండింటికీ మనది ఒకటే మాట. ఇంగ్లీషులో ఎంత కాలం అన్నది కొలత అయితే ఫర్, మొదలైన క్షణం అయితే సిన్స్. వి హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ గుంటూర్ ఫర్ టెన్ ఇయర్స్; సిన్స్ 2015. ‘వి ఆర్ లివింగ్ ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అనే వాక్యంలో తప్పు రెండు చోట్ల ఉంది, క్రియ దగ్గర ఒకటి, ఫ్రమ్ దగ్గర ఒకటి. మొదలూ తుదీ రెండూ చెప్పినప్పుడు ఫ్రమ్ నిక్షేపంగా వాడండి: ఫ్రమ్ మండే టు ఫ్రైడే.

ఐదో మెట్టు: కొన్ని క్రియలకు తోడు అక్కర్లేదు, కొన్నిటికి తోడు లేనిదే కదలవు

‘గురించి చర్చించాం’ అంటాం కాబట్టి డిస్కస్ ఎబౌట్ అనేస్తాం. డిస్కస్ ఒక్కటే చాలు. అతనికి చెప్పు: టెల్ హిమ్. అతన్ని అడుగు: ఆస్క్ హిమ్. నాకు ఫోను చెయ్యి: కాల్ మి. విజయవాడకు చేరాం: వి రీచ్‌డ్ విజయవాడ. గదిలోకి వచ్చాడు: హి ఎంటర్డ్ ద రూమ్. రెండు కాఫీలకు ఆర్డరిచ్చాం: వి ఆర్డర్డ్ టూ కాఫీస్. వీటిలో ఎక్కడా ప్రిపోజిషన్ లేదు.

తోడు లేనిదే కదలనివి వేరే ఉన్నాయి. నా కోసం ఆగు: వెయిట్ ఫర్ మి. నా మాట విను: లిజన్ టు మి. నాకు వివరించు: ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి. చెప్పడానికే రెండు మాటలుంటే టెల్‌కు టు వద్దు, సేకు టు కావాలి: టెల్ హర్, సే ఇట్ టు హర్. ఇందులో న్యాయం వెతక్కండి, లేదు.

ప్రశ్నల్లో ఈ తోడు మాట చివరికి జారిపోతుంది. ‘ఎవరి కోసం ఎదురు చూస్తున్నారు’ అన్నప్పుడు మనకు ఎవరి, కోసం అంటుకునే ఉంటాయి. ఇంగ్లీషులో హూ ఆర్ యు వెయిటింగ్ ఫర్. దేని గురించి మాట్లాడుతున్నారు: వాట్ ఆర్ యు టాకింగ్ ఎబౌట్. వాక్యాన్ని ప్రిపోజిషన్‌తో ముగించకూడదని పాతకాలపు మాస్టర్లు కొందరు బెత్తం పట్టుకుని చెప్పేవారు. రోజువారీ ఇంగ్లీషు ఆ బెత్తాన్ని ఎన్నడూ లెక్కచేయలేదు.

ఆరో మెట్టు: ప్రిపోజిషన్ తరువాత సర్వనామం రూపు మారుతుంది

ఇది మనకు కొత్తేమీ కాదు. ‘నేను కోసం’ అని ఏ తెలుగు పిల్లాడూ అనడు. నేను నా అవుతుంది, నువ్వు నీ అవుతుంది. అలాగే ఐ మి అవుతుంది, హి హిమ్, షి హర్, వి అస్, దే దెమ్ అవుతాయి. యు, ఇట్ మారవు.

చిక్కు ఎక్కడంటే, మన ‘నా’ రెండు పనులు చేస్తుంది. నా పుస్తకం, నా మీద. ఇంగ్లీషు వీటిని విడదీస్తుంది: మై బుక్, ఆన్ మి. వెంట ఒక వస్తువు పేరు వస్తే మై, రాకపోతే మి. అతని ఫోను: హిజ్ ఫోన్. అతని కోసం: ఫర్ హిమ్. ఆమెకు మాత్రం రెండు చోట్లా హర్ కాబట్టి అక్కడ ప్రమాదం లేదు. ‘నాది’, ‘మీది’ అని విడిగా నిలిచినప్పుడు మైన్, యువర్స్.

ఇద్దరి పేర్లు కలిసినప్పుడు చదువుకున్నవాళ్ళు కూడా తడబడతారు. ‘బిట్వీన్ యు అండ్ ఐ’ అనడం మర్యాదగా వినిపిస్తుందేమో గానీ, ప్రిపోజిషన్ తరువాత కాబట్టి బిట్వీన్ యు అండ్ మి. అనుమానం వస్తే రెండో మనిషిని తీసేసి చూడండి. ‘హి కేమ్ విత్ మై బ్రదర్ అండ్...’ తరువాత ఏమిటి? బ్రదర్‌ను తీసేస్తే ‘హి కేమ్ విత్ మి’. కాబట్టి మై బ్రదర్ అండ్ మి.

స్విచ్ ఆఫ్, టర్న్ ఆన్, పుట్ ఆన్ లాంటి జంటల్లో సర్వనామం మధ్యలో దూరాలి. ‘స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్’ బాగానే ఉంటుంది, ‘స్విచ్ ఆఫ్ ఇట్’ బాగుండదు. స్విచ్ ఇట్ ఆఫ్.

ఏడో మెట్టు: మా ఆవిడ, మా నాన్నగారు

తెలుగువాడు తన ఇంటిని ‘నా ఇల్లు’ అంటే అహంకారంగా వినిపిస్తుంది. మా ఇల్లు, మా ఊరు, మా అమ్మ. అందరిదీ అన్నట్టు చెప్పుకోవడం మన మర్యాద. ఈ మర్యాదను ఇంగ్లీషులోకి మోసుకెళ్ళి ‘అవర్ వైఫ్’ అంటే మాత్రం కొంప మునుగుతుంది. మై వైఫ్, మై మదర్, మై హోమ్‌టౌన్. అవర్ మదర్ అని తోబుట్టువులు తమలో తాము అనుకోవచ్చు.

గౌరవ బహువచనం ఇంకో ఉచ్చు. ‘మా నాన్నగారు వచ్చారు, ఆయన భోంచేస్తున్నారు’ అనే నోటికి హి అనడం ఏకవచనంలా గుచ్చుకుంటుంది. అందుకే కొందరు దే అంటారు. వినేవాడు ఎంతమంది వచ్చారోనని గుమ్మం వైపు చూస్తాడు. హిలో అమర్యాద లేదు. వాడు, అతను, ఆయన, వారు, నలుగురూ అక్కడ హియే. గౌరవం చూపాలంటే సర్, మేడమ్, మిస్టర్ ఉన్నాయి, గొంతు ఉంది.

మేము, మనం రెండూ వి. ‘మేము సినిమాకు వెళ్తున్నాం’ అంటే ఎదుటివాడు రానక్కర్లేదని తెలుగులో తెలిసిపోతుంది, ఇంగ్లీషులో తెలియదు. తెలియాలంటే కలిపి చెప్పాలి: వి ఆర్ గోయింగ్, వుడ్ యు లైక్ టు జాయిన్ అస్.

‘తన’కు ఆడా మగా తేడా లేదు. సీత తన ఫోను ఇచ్చింది: హర్ ఫోన్. రాము తన ఫోను ఇచ్చాడు: హిజ్ ఫోన్. ఫోను ఎవరిదో వాళ్ళను బట్టి హిజ్, హర్ ఎంచుకోవాలి, తీసుకున్నవాళ్ళను బట్టి కాదు. ఇక ఇంటర్వ్యూల్లో వినబడే ‘మైసెల్ఫ్ సురేష్’ను వదిలేయండి. ఐ యామ్ సురేష్ చాలు. చేసినవాడూ పడినవాడూ ఒకరే అయినప్పుడు మైసెల్ఫ్ వస్తుంది, ఐ కట్ మైసెల్ఫ్. లేదా ‘నేనే చేశాను’ అని నొక్కి చెప్పేటప్పుడు, ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్.

ఎనిమిదో మెట్టు: కర్త కనబడకపోయినా ఇట్ పెట్టండి

‘వస్తున్నాను’ అనగానే వచ్చేది నేనని క్రియ చివరే చెబుతుంది. అందుకే తెలుగులో సర్వనామం వదిలేసినా పోయేదేమీ లేదు. ఇంగ్లీషు క్రియకు అలాంటి తోక లేదు కాబట్టి ఐ యామ్ కమింగ్ అని పూర్తిగా అనాలి. వాన పడుతోంది: ఇట్ ఈజ్ రెయినింగ్. మే నెల విజయవాడ ఎండకు: ఇట్ ఈజ్ వెరీ హాట్. పది అయింది: ఇట్ ఈజ్ టెన్. గుంటూరు ఎంత దూరం: హౌ ఫార్ ఈజ్ ఇట్ టు గుంటూర్. ఈ ఇట్‌కు అర్థం అంటూ ఏమీ లేదు, ఖాళీ కుర్చీలో కూర్చున్న మనిషి. అయినా లేస్తే వాక్యం కూలుతుంది. కర్మ విషయంలోనూ అంతే: ‘కొన్నావా? కొన్నాను’ అని సరిపెట్టుకుంటాం, అక్కడ ఐ బాట్ ఇట్ అనాలి.

సాధన ఎలా

విజయవాడ నుంచి గుంటూరు సుమారు 35 కిలోమీటర్లు. పండిట్ నెహ్రూ బస్ స్టేషనులో బస్సెక్కితే గంటకు పైనే తీరిక. ఫోను జేబులో పెట్టి, కిటికీలోంచి కనబడేదాన్ని ముందు తెలుగు ముక్కలుగా, తరువాత వెనక నుంచి ఇంగ్లీషులో మనసులో అనుకోండి. ‘వంతెన కింద చెట్టు నీడలో పడుకున్న కుక్క’: ద డాగ్ స్లీపింగ్ ఇన్ ద షేడ్ అవ్ ఎ ట్రీ అండర్ ద బ్రిడ్జ్. ‘తల మీద బుట్ట ఉన్న ఆవిడ’: ద ఉమన్ విత్ ఎ బాస్కెట్ ఆన్ హర్ హెడ్. మంగళగిరి వచ్చేసరికి నోరు కాస్త సాగుతుంది.

తరువాత మనుషుల మధ్య మాటలు తీసుకోండి. ‘అతను నా మీద కోపంగా ఉన్నాడు, నాకు తెలుసు’: హి ఈజ్ యాంగ్రీ విత్ మి, ఐ నో. ‘దాని గురించి మా అన్నయ్యతో చర్చించాను’: ఐ డిస్కస్డ్ ఇట్ విత్ మై బ్రదర్. ‘మా వారు ఆరింటికల్లా ఇంటికి వస్తారు’: మై హస్బెండ్ విల్ బి హోమ్ బై సిక్స్.

చివరగా ఒక పెద్ద వాక్యం, కాగితం మీద మీరే రాసి చూసుకోండి: ‘మా తమ్ముడు పదింటి నుంచి బస్టాండులో నా కోసం ఎదురు చూస్తున్నాడు.’ సరైన రూపం ఇది: మై బ్రదర్ హ్యాజ్ బీన్ వెయిటింగ్ ఫర్ మి ఎట్ ద బస్ స్టాండ్ సిన్స్ టెన్. కర్తను మొదట్లోనే ఉంచి, మిగతా ముక్కలకు చివరి నుంచి అంకెలు వేయండి. ఎదురు చూస్తున్నాడు, నా కోసం, బస్టాండులో, పదింటి నుంచి. నాలుగూ అదే వరసలో కనబడతాయి. అవర్ బ్రదర్ అనో, ఫ్రమ్ టెన్ అనో, ఫర్ మై అనో రాసి ఉంటే ఏడో మెట్టుకో, నాలుగో మెట్టుకో, ఆరో మెట్టుకో వెనక్కి వెళ్ళి ఆ పేరా మరోసారి చదవండి.